తోడు పెట్టే చెయ్యి

మా అత్తగారికి తీసిన వస్తువు తీసిన చోట పెట్టే అలవాటు లేదు. కత్తిపీట వరండాలో దొరుకుతుంది, అగ్గిపెట్టె పక్కింట్లో దొరుకుతుంది, కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే దొరుకుతుంది. పద్దెనిమిదేళ్లుగా సర్దుకుపోతున్నాను. ఈ ఉదయం నా కుడిచెయ్యి తీసుకెళ్లి ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది.

నేను దండెం మీద బట్టలు ఆరేస్తుండగా వచ్చి, అడక్కుండానే తీసుకుంది. మణికట్టు దగ్గర చిన్న చప్పుడైంది, చిక్కుడుకాయ ఈనె తీసినట్టు. నొప్పి లేదు. గాజులు మాత్రం జారి గచ్చు మీద పడ్డాయి. వాటిని ఎడమచేత్తో ఏరుకుని కొంగున ముడేసుకున్నాను.

"ఇప్పుడే తెచ్చిస్తాలే" అని వెళ్లింది. ఇప్పుడే అని ఆవిడ తీసుకెళ్లిన మా పుట్టింటి రాచ్చిప్ప పదకొండేళ్లుగా రావలసి ఉంది.

వంటింట్లో గట్టు మీద రెండు లీటర్ల పాలు కాచి దింపి ఉన్నాయి. రేపు మా మామగారి తద్దినం. ఆ రోజు మా ఇంట్లో కొన్న పెరుగు విస్తట్లో వెయ్యరు. పాలు గోరువెచ్చగా ఉండగా తోడు పడాలి. చల్లారిపోతే పడదు. పది రోజులుగా అత్తగారు వేసిన తోడు తోడుకోవడం లేదు. పాలు పాలలాగే ఉంటున్నాయి, పైగా కొంచెం అవమానపడ్డట్టు కనిపిస్తున్నాయి.

తోడు పెట్టడం మా ఇంట్లో నా పని కాదు. కాపరానికొచ్చిన పదో రోజున నేను వేసిన తోడు నీళ్లు నీళ్లుగా విరిగిపోయింది. ఆ రోజే మా ఆడపడుచు నిశ్చితార్థం, ఇరవై రెండు విస్తళ్లు. "ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు" అని అత్తగారు ఆ ఇరవై రెండు మంది ముందూ చెప్పింది. నాకు డిగ్రీలో రసాయన శాస్త్రం, ఫస్టు క్లాసు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అప్పటినుంచి కొత్త కుండలో నీళ్లు పొయ్యడానికీ, తీగకి గింజ పెట్టడానికీ నా చెయ్యి పనికిరాలేదు. మా అమ్మాయి అన్నప్రాశన నాడు మొదటి ముద్ద కూడా ఆవిడే పెట్టింది. నేను పక్కన కూర్చుని గిన్నె పట్టుకున్నాను.

అందుకని నాకు నా చెయ్యి కావాలి. పాలు చల్లారకముందే కావాలి.

ముందు ఇల్లంతా వెతుకుతాను. తెలుగులో చెయ్యి పోతే వెతకవలసిన చోట్లు ఎక్కువ. పడక్కుర్చీ చేతులు రెండూ తడిమి చూస్తాను, అవి దానివే. బీరువాలో రవికల చేతులు మడతలు విప్పి చూస్తాను, పన్నెండు జతలు, అన్నీ ఖాళీ. పక్కవీధిలో రోజూ పేక ఆడే వాళ్లకి ఫోను చేస్తాను. వాళ్లకీ ఒక చెయ్యి తక్కువగానే ఉందట, మా ఆయన్ని పంపమంటున్నారు.

మా ఆయన హాల్లో పేపరు చదువుకుంటున్నారు. నేను వెతుకుతున్న కొద్దీ హాలు పొడుగవుతోంది. ఆయన దగ్గరికి వెళ్లడానికి చాలాసేపు పడుతుంది.

"నా కుడిచెయ్యి కనిపించడం లేదండీ."

"ఎడమది ఉందిగా?"

"ఉంది."

"అయితే కాఫీకి ఇబ్బంది లేదు" అంటూ పేపరు తిప్పుతారు. "అమ్మనడిగావా?"

"అడిగాను. ఏ చెయ్యి అంటున్నారు."

"మరి అటక మీద ఆఫీసుందిగా. అక్కడ రాయించు."

అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని పాలగిన్నె వైపు చూస్తోంది. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆ కొంగు కింద రెండే ఉన్నాయి, లెక్కపెట్టాను.

"నీ చెయ్యి నాకెందుకే హైమా?" అంటుంది నా వైపు చూడకుండా. "మంచి చేతులకి కరువొచ్చిందా ఈ ఇంట్లో?"

తోడు కోసమే తీసుకుంది. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకి తెలుసు. కానీ పద్దెనిమిదేళ్లుగా మంచిది కాదన్న చేతితో ఇవాళ పనేం పడిందో చెప్పాలంటే ఒక వాక్యం కావాలి. ఆ వాక్యం మా ఇంట్లో లేదు.

నేను స్టూలు వేసుకుని అటక ఎక్కుతాను.

మా అటక మీద అవయవ పదాల ఉపకార్యాలయం ఉంది. ఇత్తడి గుండిగలు దాటి, పాత పరుపుచుట్ట దాటి ఎడమవైపు తిరిగితే కౌంటరు. లోపల తెల్లచొక్కా వేసుకున్న గుమాస్తా ఉన్నాడు. బల్ల మీద చెక్కపలక, దాని మీద పేరు: పి. జోజిబాబు. ఆయన వెనక గోడకి గడియారం. దానికి ముళ్లు లేవు, పొట్టిదొకటీ పొడుగుదొకటీ రెండు చేతులున్నాయి. ఇంగ్లీషు గడియారం అనుకుంటాను.

ఫ్యాను గాలికి ఎగరకుండా జోజిబాబు కాగితాల మీద బరువు పెట్టుకున్నాడు. ఆ బరువు నా చెయ్యి. ఉంగరం వేలి మీది కాలిన మచ్చ చూసి గుర్తుపట్టాను. అది మాత్రం నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

"అది నాదండీ."

"అందరూ అలాగే అంటారమ్మా. ఇందాక ఎవరో పెద్దావిడ తెచ్చి ఇక్కడ పెట్టి, పేరు చెప్పకుండా దిగిపోయారు. ఏ భాషలో పోయింది?"

"అదేమిటండీ?"

"ఏ భాషలో రాస్తే ఆ భాషలో దొరుకుతుంది." ఆయన ఒక పుస్తకం తెరుస్తాడు. చెయ్యి అన్న మాటకే తొంభై పేజీలున్నాయి. "సంస్కృతంలో రాయమంటారా? వాళ్లు తొండాన్ని కూడా చెయ్యే అంటారు. పోయినవారం ఒకావిడకి పొరపాటున తొండం ఇచ్చి పంపాం."

"అయ్యో."

"సంతోషంగానే ఉన్నారట. బావిలోంచి నీళ్లు సులువుగా వస్తున్నాయట."

"హిందీలో?"

"అక్కడ చెయ్యంటే కొలత కూడా. మూరెడు గుడ్డ అనుకుని బట్టల విభాగానికి పంపేస్తారు. రెండు నెలలు పడుతుంది."

అటక అంచు నుంచి కిందికి చూస్తాను. వంటిల్లు కొంచెం దూరంగా జరిగింది. పాలగిన్నె సాసరంత కనిపిస్తోంది. ఆవిరి ఇంకా వస్తోంది, కానీ సన్నబడింది.

"తొందరగా అయ్యేది చెప్పండి."

"ఇంగ్లీషు. అందులో చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. దొరక్కపోయినా మీకు నష్టం అంతవరకే." ఆయన పేజీలు తిప్పుతాడు. "కాకపోతే ఇంగ్లీషు పేజీలో గడియారం ముల్లుంది, ఓడ మీద కూలీ ఉన్నాడు, గుర్రం ఎత్తు ఉంది. తోడు పెట్టే చెయ్యి లేదు. ఆ గుణం రాలిపోయి దొరుకుతుంది. గిన్నెలు తోముకోవచ్చు."

"తెలుగులో?"

"తెలుగులో ఆ గుణం ఉందమ్మా." పెన్ను మూత తీసి, నా రవిక చేతి వైపు చూస్తాడు. "కానీ మనకి వేలి కొస నుంచి భుజం దాకా ఒకటే మాట. దొరికితే అంతా దొరుకుతుంది. దొరక్కపోతే భుజం దాకా పోతుంది."

గడియారం పొడుగుచెయ్యి పదకొండు మీద ఉంది. పొట్టిచెయ్యి పన్నెండుకి దగ్గరగా ఉంది.

"తెలుగులోనే రాయండి" అంటాను.

ఎడమ బొటనవేలి ముద్ర వేస్తాను. ఆయన నా పేరు రాయగానే మణికట్టు మీద మిగిలిన భాగం బెత్తెడు మాయమవుతుంది. ఆయన దాన్ని పట్టించుకోడు. ఆఫీసు అన్నాక కొంత ఖర్చవుతుంది.

జోజిబాబు పాత పేజీ ఒకటి తీసి, వేలు పెట్టి చదువుతాడు. "హైమావతి కుడిచెయ్యి. తోడుకి పనికిరాదు. మంచిది కాదు. రాయించినవారు అత్తగారు మాణిక్యాంబ. సాక్షులు ఇరవై రెండు మంది." ఆయన తలెత్తుతాడు. "మీకిది మంచిది కాని చెయ్యిగా నమోదై ఉందమ్మా. పనికిరాని వస్తువు పోయినట్టు లెక్కలోకి రాదు. కాగితాల మీద బరువుగా ఉంటుంది."

"కొట్టెయ్యడం కుదరదా?"

"కుదురుతుంది. రాయించిన మనిషే వచ్చి, తప్పు తనదని నోటితో చెప్పాలి. ఆ రెండు చేతులూ కలిసేలోగా." వెనక్కి తిరక్కుండానే గడియారం చూపిస్తాడు. "పన్నెండింటికి అవి దణ్ణం పెడతాయి. ఆ తర్వాత ఈ పేజీ కుట్టేస్తాం. కుట్టేసిన పేజీలో అర్థం మారదు."

నేను అటక అంచున వంగి పిలుస్తాను. "అత్తయ్యగారూ! ఒకసారి పైకి రండి!"

"నా మోకాళ్లు నీకు తెలియవా?" అని కింద్నుంచి వినిపిస్తుంది. కానీ స్టూలు తన కాళ్లు తనే ముడుచుకుని ఆవిడ్ని ఎక్కించుకుంటుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి గుండిగలు దాటి, పరుపుచుట్ట దాటి, కొంగు సరిచేసుకుంటూ వచ్చి కౌంటరు ముందు నిలబడుతుంది. కాగితాల మీది చేతిని చూసి, చూడనట్టు ఫ్యాను వైపు చూస్తుంది.

"ఏమిటి నాయనా ఇదంతా? పాలు చల్లారిపోతున్నాయి."

"అదేనండీ పెద్దమ్మగారూ. ఈ పేజీలో రాయించింది మీరేనా?"

"ఎప్పటి మాటో. నాకు గుర్తుండొద్దూ?"

"ఆ రోజు పెరుగు ఎందుకు విరిగింది?"

అత్తగారు గొంతు సవరించుకుంటుంది. "ఏదో పొరపాటు జరిగింది."

"ఎవరి వల్ల?"

"జరగడానికి ఒకరుండాలా? రోజులలాంటివి."

నా మోచెయ్యి మాయమవుతుంది. రవిక చెయ్యి గాలికి అటూ ఇటూ ఆడుతోంది.

"పొరపాట్లు వాటంతట అవి జరగవండీ" అంటాడు జోజిబాబు. "మా దగ్గర ఆ ఫారం లేదు."

"అయితే ఆ పాలే మంచివి కావు. మా పాలు పోసే కొండయ్య నీళ్లు కలిపి ఉంటాడు."

పైకప్పులోంచి ఒక చెయ్యి దిగుతుంది. పొట్లపందిరి నుంచి కాయ దిగినట్టు, నిలువుగా, నెమ్మదిగా. పగుళ్లు పడిన చెయ్యి, గేదె వాసన. వంకర తిరగకుండా పొట్లకాయకి కట్టినట్టు నడివేలికి పురికొసతో చిన్న రాయి కట్టి ఉంది.

అత్తగారు దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

"పాలు మంచివేనండీ" అంటాడు జోజిబాబు. "కొండయ్యగారి పేజీ కూడా మా దగ్గరుంది. అదీ మీరు రాయించిందే."

"అయితే మా అమ్మాయి రత్నమాల మూత తీసి ఉంటుంది. నిశ్చితార్థం కంగారులో దానికి ఒళ్లు తెలియలేదు."

రెండో చెయ్యి దిగుతుంది. గోరింటాకు పండి ఉంది. దానికీ రాయి ఉంది.

నా భుజం వైపు నుంచి చల్లగాలి తగులుతోంది. చూడను. చూడకపోతే ఎంత పోయిందో తెలియదు. కానీ రవిక భుజం మీద నుంచి జారుతోంది, ఎడమచేత్తో పట్టుకుంటాను. కింద పాలగిన్నె బొట్టుబిళ్లంత ఉంది. ఆవిరి లేదు.

"అత్తయ్యగారూ" అంటాను. "రేపు మామయ్యగారికి విస్తరి వేస్తాం. పెరుగు లేకుండా వేద్దామా?"

"నువ్వు నన్ను బెదిరిస్తున్నావా?"

"లేదండీ. అడుగుతున్నాను. పది రోజులుగా మీ చేత్తో తోడుకోవడం లేదు. అందుకే పొద్దున్న నాది తీసుకెళ్లారు. తీసుకెళ్లారు కదా, మరి ఎందుకు వెయ్యలేదు?"

గడియారం చేతులు ఒకదానికొకటి దగ్గరవుతున్న చప్పుడు వినిపిస్తోంది, బట్ట మీద బట్ట రాసుకున్నట్టు.

"వేద్దామనే తీసుకెళ్లాను" అంటుంది చివరికి. గొంతు చిన్నది. "గిన్నె దాకా తీసుకెళ్లాను. అది వణుకుతోందే. నీకున్నప్పుడు ఎప్పుడూ వణకలేదు. నేను పట్టుకుంటే వణికింది. భయం వేసి ఇక్కడ పెట్టేశాను."

"భయం ఎవరికండీ?" అంటాడు జోజిబాబు, రాసుకుంటూ. "చేతికా, మీకా?"

ఆవిడ ముందుకి జరుగుతుంది. కౌంటరు అంచు పట్టుకుని, బల్ల వైపు వంగి, నాకు కూడా సరిగ్గా వినపడనంత నెమ్మదిగా మాట్లాడుతుంది.

"ఆ రోజు తెల్లారగట్ల మూత తీసి చూశాను. కొత్త కోడలు, ఏం వేసిందో ఏమో అని. బాగానే పడుతోంది. గట్టిపడిందా లేదా అని గిన్నె పట్టుకుని కదిపాను. మళ్లీ కాసేపటికి వచ్చి కదిపాను. మూడోసారి కూడా కదిపాను."

పక్కన కొండయ్య చేతి వేలికి కట్టిన రాయి చిన్నగా ఊగుతుంది.

తోడు పడుతున్న పాలని కదపకూడదు. ఈ ముక్క ఏడో తరగతి పిల్లకైనా తెలుసు. మా అత్తగారికి అందరికన్నా బాగా తెలుసు. ఇల్లంతటికీ నేర్పింది ఆవిడే.

కాగితాల మీది నా చెయ్యి లేస్తుంది. వేళ్ల మీద నడుచుకుంటూ బల్ల దాటి, ఖాళీగా వేలాడుతున్న రవిక చేతిలోకి వెళుతుంది. భుజం, మోచెయ్యి, మణికట్టు, అన్నీ వరసగా నిండుతాయి. కాగితాలు ఫ్యాను గాలికి లేచి అటకంతా ఎగురుతాయి.

నేను అటక అంచున బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాపుతాను. అది సాగుతుంది. గుండిగల ఎత్తు దాటుతుంది, స్టూలు దాటుతుంది, మా ఇంటికి ఎప్పుడూ లేనంత లోతు దాటి గట్టు మీది పాలగిన్నె దాకా వెళుతుంది. చిటికెన వేలు పాలలో ముంచుతాను.

ఏమీ తెలియడం లేదు. వేడిగా లేదు, చల్లగా లేదు. వేలు పాలలో ఉందని మాత్రం తెలుస్తోంది.

"గోరువెచ్చగా ఉందా?" అంటుంది అత్తగారు నా వెనక నుంచి.

"తెలియడం లేదండీ. చెయ్యి వచ్చింది గానీ స్పర్శ రాలేదు."

"రాదమ్మా" అంటాడు జోజిబాబు, ఎగిరిన కాగితాలు ఏరుకుంటూ. "ఆవిడ నాకు చెప్పారు, పుస్తకానికి చెప్పలేదు. పుస్తకానికి చెవుడు. అప్పుడు ఇరవై రెండు మంది వినేలా రాయించారు. కొట్టెయ్యాలన్నా అంత గట్టిగానూ చెప్పాలి."

గడియారంలో వేళ్ల కొసలు తగులుతున్నాయి. అరచేతులు ఇంకా కలవలేదు.

పైకప్పు నుంచి చేతులు దిగుతూనే ఉన్నాయి. మా ఆయనది, వేలికి సిరా మరకతో. అంట్లు తోమే అప్పలనరసది, బూడిద అంటుకుని. రవికలు కుట్టే దర్జీది. మూడు వీధుల అవతల ఉండే నర్సమ్మది. కొన్ని ఎవరివో నాకు తెలియవు, వాటి మీద తప్పు వేసిన అత్తగారికి తెలుసు. ఒక్కొక్కదాన్ని చూసినప్పుడల్లా ఆవిడ ముఖం కొంచెం మారుతోంది. కౌంటరు నుంచి అటక చివరి దాకా, అటక పొడుగవుతున్న కొద్దీ ఇంకా దూరంగా, అన్నీ నిటారుగా వేలాడుతున్నాయి. ఒక్క వేలు కూడా వంగడం లేదు.

"ఇన్నెందుకున్నాయే హైమా?" అంటుంది.

"మీరు కట్టిన రాళ్లే అత్తయ్యగారూ" అంటాను. ఇంకేం అనాలో నాకు తెలియదు. నా వేలు పాలలో ఉంది, తియ్యడానికి వీల్లేదు.

అత్తగారు కొండయ్య చెయ్యి దగ్గరికి వెళుతుంది. మునివేళ్ల మీద నిలబడి పురికొస ముడి విప్పుతుంది. ముడి బిగిసిపోయి ఉంది, పంటితో లాగవలసి వస్తుంది. రాయి ఆవిడ దోపుకున్న కొంగు ఒడిలో పడుతుంది. ఇన్నాళ్లూ నిటారుగా ఉన్న చెయ్యి నెమ్మదిగా వంపు తిరిగి, ఆవిడ చెంపకి తగిలి ఆగుతుంది. దాని గోళ్ల చివర ఐదు తెల్లటి పొట్లపూలు విచ్చుకుంటాయి, అంచులు దారాల్లాగా.

ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది. మా పెళ్లిలో తప్ప ఆవిడ అంత ఊపిరి పీల్చుకోవడం నేను చూడలేదు.

"నాదే తప్పు!"

అటక అదిరిపోతుంది. హాల్లో పేపరు కింద పడిన చప్పుడు వినిపిస్తుంది. నా చిటికెన వేలికి, ఎక్కడో లోతున, చల్లారడానికి ఒక్క క్షణం ముందున్న పాల వెచ్చదనం తెలుస్తుంది. ఆ చేత్తోనే గట్టు మీది తోడు తీసి వేస్తాను. మూత పెడతాను.

అత్తగారు ఆగడం లేదు. ఒడి నిండా రాళ్లతో, బరువుకి నడుం వంగిపోయి, పొడుగవుతున్న ఆ పందిరి కింద ఒక్కో చెయ్యి దగ్గరా నిలబడి ముడి విప్పుతోంది. విప్పినచోటల్లా తెల్లటి పూలు విచ్చుకుని ఆవిడ నెత్తి మీద తగులుతున్నాయి. చాలా దూరం వెళ్లిపోయింది, చీర రంగు కూడా ఆనడం లేదు. గొంతు మాత్రం పుస్తకానికి వినపడేలాగే ఉంది.

"కదిపింది నేనే! పిల్ల చెయ్యి మంచిదే! తప్పు నాదే!"